మిగిలిన మాత్రలు

రామలింగం పత్తర్‌గట్టి బజారులో ముప్పై ఏళ్ళుగా చీరలకు కుట్టే జరీ అంచులు అమ్ముతున్నాడు. ఆయన కొట్లో ఒక్కటే శాసనం: పాత సరుకు కదలనిదే కొత్త కట్ట విప్పకూడదు. ఆ శాసనంతోనే బాగుపడ్డాడు, దానితోనే దెబ్బతిన్నాడు.

కిడ్నీలు చెడిపోయి డయాలిసిస్ మీద ఉన్న ఐదేళ్ళూ డాక్టర్లు అన్నంతో పాటు కాల్షియం మాత్రలు మింగమన్నారు. చిల్లరగా కొంటే గిట్టదని పెట్టెలకు పెట్టెలే తెప్పించాడు. భార్య వాసవాంబ తన కిడ్నీ ఒకటి ఇచ్చాక, డాక్టర్ గీతాంజలి మందుల చీటీ మార్చి రాసింది. అందులో కాల్షియం లేదు. ఇంట్లో మాత్రం రెండు పెట్టెలు నిండుగా ఉన్నాయి. ఎముకలకు బలమిచ్చే వస్తువును ఊరికే పారేయడమా అనుకుని, పొద్దున రెండు, రాత్రి రెండు మింగుతూ పోయాడు. వాసవాంబకు చెప్పలేదు. చెబితే మోరీ కాలువలో పారబోస్తుంది.

ఏడాది తిరిగేసరికి దాహం పట్టుకుంది. ఒళ్ళంతా సలుపు. గద్దె మీద కూర్చునే కునుకు తీసేవాడు. గజాల కొలత తప్పేవాడు.

"సేఠ్, గిన్ని నీళ్ళు తాగుతున్నరు, కొట్ల బోరు ఏపిద్దమా?" అన్నాడు పనివాడు అంజన్న.

"ముందు గా గిరాకీని చూడు. బోరు సంగతి నేను చూస్త."

పరీక్ష చేస్తే, రక్తంలో పదిన్నర లోపు ఉండాల్సిన కాల్షియం పన్నెండు దాటింది. "ఇంకా కాల్షియం మాత్రలేమైనా వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడిగింది. పక్కన వాసవాంబ కూర్చుని ఉంది. "లేదు మేడమ్" అనేశాడు రామలింగం. ఇంటికి వెళ్ళాక మానేయాలనే అనుకున్నాడు. కానీ బేరమాడే బుద్ధి కదా, పూర్తిగా మానకుండా సగానికి తగ్గించి, అంతటితో సరిపోతుందనుకున్నాడు.

డాక్టరు రాసిన కొత్త మందు వాడినా, మూడు నెలల తర్వాత కూడా కాల్షియం దిగలేదు. పైగా కిడ్నీ పని తగ్గింది. అందులోంచి సూదితో చిన్న ముక్క తీసి చూశారు.

"కిడ్నీలో కాల్షియం పేరుకుంటోంది" అంది డాక్టరు. "రక్తంలో కాల్షియాన్ని పెంచే చిన్న గ్రంథులు గొంతులో నాలుగుంటాయి. డయాలిసిస్ రోజుల్లో అతిగా పనిచేసి అలవాటుపడ్డాయి, కొత్త కిడ్నీ వచ్చినా ఆగడం లేదు. మందుకు లొంగలేదు కాబట్టి ఆపరేషన్ చేసి తీసేద్దాం."

వాసవాంబ కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది. "గీ కిడ్నీ కూడ పోతదా మేడమ్? నా తాన ఉన్నది ఇంకొక్కటే. లేకుంటే అది గూడ ఇస్తుంటి."

నాసిరకం జరీని కూడా మేలురకమని అలవోకగా చెప్పగల నోరు రామలింగానిది. ఇప్పుడు ఆ నోటితోనే నిజం ఒప్పుకున్నాడు.

"మేడమ్, నేను అబద్ధం చెప్పిన" అన్నాడు. "పాత మాత్రలు మిగిలినయ్. పారేయబుద్ధి కాలే. ఇయ్యాల పొద్దుగాల గూడ ఏసుకున్న."

డాక్టరు కలం కింద పెట్టింది. "గ్రంథుల తప్పు కొంత ఉంది. దాని మీద మీరు రోజూ ఇంత పోస్తూ వచ్చారు. ఇవాళే ఆపండి. కాల్షియం దిగొచ్చు, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం. కిడ్నీలో దెబ్బతిన్న భాగం మాత్రం తిరిగి రాదు."

"ఇంక ఎన్నేండ్లు పనిచేస్తది?"

"పదిహేనేళ్ళయినా వస్తుందనుకున్నాను. ఇప్పుడు అంత చెప్పలేను."

ఇద్దరూ ఆటో ఎక్కారు. కొంత దూరం పోయాక రామలింగం అన్నాడు. "తిట్టరాదే. ఒక్క మాటన్న అను."

"ఏమని తిట్టాలె? ఇచ్చినంక అది మీదే గద" అంది వాసవాంబ. రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా, నడుముకు ఎడమ పక్కన, కిడ్నీ తీసిన కోత ఉన్న చోటును అరచేత్తో అదిమి పట్టుకుంది. రామలింగం ఆ చేతి వంక చూడలేక, దారి పొడుగునా దుకాణాల వైపు చూస్తూ కూర్చున్నాడు.