నేను తలూపిన లారీ

మా ఇంట్లో లారీ కొనాలంటే నేను తలూపాలి. ఇదేదో వంశాచారం అనుకునేరు. మొదటి లారీ కొన్ననాడు ఊపడానికి ఇంట్లో నా తల ఒక్కటే ఉంది, ఆ తర్వాత అదే అలవాటైంది. క్వారీల్లో రాళ్లు పగలగొట్టే క్రషర్ యంత్రాలను లారీ వెనక తగిలించుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి లాక్కెళ్లడం మా పని. ఏ బండి చూపించినా నేను దాని చుట్టూ తిరిగి, కింద దూరి, ఒళ్లంతా గ్రీజుతో బయటికొచ్చి ఒక్కసారి తలూపితే బేరం అయినట్టే. ఊపకపోతే బ్రోకరు బ్రహ్మదేవుడైనా సరే, వాడిచ్చిన టీ తాగి ఇంటికొచ్చేసేవాళ్లం.

అలాంటి నాకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క చచ్చుబడింది. మాట పడిపోయింది, నోట్లోంచి "బ్బ... బ్బ" తప్ప ఇంకేమీ రాదు. అది చాలదన్నట్టు తల ఊగడం మొదలైంది. ఒంటరిగా ఉంటే కాస్త సద్దుమణుగుతుంది. ఎవరైనా ఎదురుగా నిలబడి ఏదైనా అడిగారా, ఇక గంగిరెద్దునే. కిందికీ పైకీ, కిందికీ పైకీ. నరాల వణుకు, అలవాటైపోతుంది అన్నాడు డాక్టరు. ఎవరికి అలవాటవుతుందో మాత్రం చెప్పలేదు.

అడ్డంగా ఊపి చూద్దామని మెడ పక్కకు తిప్పితే, తిరిగిన చోటే ఆగి మళ్లీ నిలువుగానే ఊగుతుంది. పలక తెచ్చిచ్చారు. ఎడమ చేత్తో గీసింది నాకే అర్థం కాలేదు. అన్నం తింటావా నాన్నా అంటే తల ఊగుతుంది, పెడతారు. పడుకుంటావా అంటే ఊగుతుంది, పట్టపగలే పడుకోబెడతారు. జన్మంతా ఎవడి మాటకీ ఔననని వాణ్ని, గోడమీది బల్లి అడిగినా ఔననే మనిషినయ్యాను. మా ఆవిడ ఉంటే నా కళ్లు చూసి చెప్పేసేది, మీ నాన్న వద్దంటున్నాడ్రా అని. ఆవిడ నాకంటే ముందే దాటిపోయింది.

పిల్లలు ఇద్దరు. పెద్దోడు పనులు మాట్లాడతాడు, చిన్నోడు బండి నడుపుతాడు. పెద్దోడికి నోరెక్కువ, చిన్నోడికి భయమెక్కువ. భయం ఉన్నవాడే మంచి డ్రైవరు అని నేనే వాడి చేతికి స్టీరింగ్ ఇచ్చాను. మా పాత లారీ ఇంజను పట్టేసి ఇక లేవనంది. అప్పుడే పెద్దోడు కొండకు అవతలున్న క్వారీకి ఒక క్రషర్ని చేరుస్తానని మాట ఇచ్చి వచ్చాడు. బండి లేకుండా మాట ఇవ్వడమేంట్రా అని తిట్టేవాణ్ని, నోరుంటే.

"నాన్న చూడకుండా నేను బండి ఎక్కను" అన్నాడు చిన్నోడు.

"ఎవరు చూడొద్దన్నారు? తీసుకెళ్దాం" అన్నాడు పెద్దోడు.

చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నన్ను పాత లారీలు అమ్మే యార్డుకు తోసుకెళ్లారు. అక్కడి బ్రోకరు నవ్వితే ముప్పై రెండు పళ్లూ కనిపిస్తాయి, మాట్లాడితే ఒక్క నిజమూ కనిపించదు. నన్ను చూసి ముందు జాలిపడ్డాడు, తర్వాత తేలికపడ్డాడు. వాడి ముఖంలో ఆ తేలిక చూసి నాకు ఒళ్లు మండింది.

"పెద్దాయన రావడమే మా అదృష్టం. ఇదిగో, ఈ తెల్లబండి మీకోసమే కడిగి పెట్టాను" అన్నాడు.

ఆ తెల్లలారీ కొత్త రంగు వేసుకుని, పెళ్లికొడుకులా నిలబడి ఉంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. చిన్నోడి కళ్లు మెరిశాయి. నేను మాత్రం దాని వెనక భాగం చూస్తున్నాను. కింద బరువు మోసే చట్రం, చాసిస్, సన్నం. వెనక ఒక్కటే ఇరుసు. పైగా, వెనక తగిలించే బండికి బ్రేకు గాలి అందించే గొట్టాలు ఉండాల్సిన చోట రెండు ఖాళీ బెజ్జాలున్నాయి. పైన పటారం, లోన లొటారం.

లాగడం గొప్ప కాదు, గాడిద కూడా లాగుతుంది. వెనక బరువు బండి బరువుకు మించితే, ఎక్కేటప్పుడు దాన్ని మనం లాగుతాం, దిగేటప్పుడు అది మనల్ని తోస్తుంది. క్రషర్ తోయడం మొదలుపెట్టాక ముందున్న లారీ ఒక్కదాని బ్రేకుతో ఆపబోతే, ఆ లారీ అడ్డం తిరుగుతుంది. ఆ తర్వాత దేవుడే డ్రైవరు. ఆ క్వారీ దారిలో ఎక్కుడు కొంచెం, దిగుడంతా మలుపులే.

"ఓసారి లాగి చూపిస్తా" అని బ్రోకరు రాళ్లు నింపిన ట్రాలీ ఒకటి దానికి తగిలించాడు. యార్డు వెనకున్న మిట్ట మీదికి లారీ మూలుగుతూ ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. మిట్టపైనే ట్రాలీని విప్పేశారు, లారీ ఒక్కటే కిందికి దిగి వచ్చింది.

దాంతోనే దిగండ్రా, దాన్ని తగిలించుకుని దిగి చూపించండ్రా అని నా లోపల అరుపు. బయటికొచ్చింది "బ్బ... బ్బ".

"పెద్దాయనకి సంతోషంతో మాట రావట్లేదు!" అన్నాడు బ్రోకరు.

యార్డు మూల ఒక పచ్చలారీ ఉంది. రంగు పోయింది, తలుపు సొట్టబోయింది. కానీ వెనక రెండు ఇరుసులు, మందమైన చాసిస్, గొట్టాలు రెండూ ఉన్న చోటే ఉన్నాయి. నేను బలమంతా తెచ్చుకుని ఎడమ చెయ్యి లేపి అటు చూపించాను.

"అన్నా, నాన్న ఆ పచ్చబండి చూపిస్తున్నాడు" అన్నాడు చిన్నోడు.

పెద్దోడు ఒక్క క్షణం నా వైపు చూశాడు. "ఎండగా ఉంది కదరా, నీడలోకి తీసుకెళ్లమంటున్నాడు" అన్నాడు.

నా కుర్చీని తోసుకెళ్లి ఆ పచ్చలారీ నీడలోనే పెట్టారు. దాని టైరు నా మోచేతికి తగులుతోంది. కొనమని ఇంతకంటే దగ్గరగా ఎవడు చెప్పగలడు? ఎదురుగా చిన్నోడు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"నాన్నా, ఆ తెల్లబండి తీసుకుందామా? నువ్వు సరేనంటేనే."

ఊగొద్దు అనుకున్నాను. అనుకున్నకొద్దీ ఎక్కువైంది. పళ్లు బిగించాను, మెడ బిగించాను, కన్నీళ్లొచ్చాయి గానీ తల ఆగలేదు. చిన్నోడు లేచి నిలబడి అన్నవైపు చూసి నవ్వాడు. "నాన్న ఊ అన్నాడన్నా." బేరం అయిపోయింది.

మర్నాడు పొద్దున తెల్లలారీ మా వాకిట్లో ఉంది. వెనక క్రషర్ తగిలించి ఉంది. లారీ పక్కన అది కొండలా ఉంది. పెద్దోడు నా మూతి తుడిచి, కాఫీ పట్టి, కుర్చీని గుమ్మం దగ్గరికి తెచ్చాడు. తమ్ముడు లోపల బట్టలు వేసుకుంటున్నాడని చూసుకుని నా పక్కన కూలబడ్డాడు.

"నాకు తెలుసు నాన్నా" అన్నాడు మెల్లగా. "నీ తల దానంతటదే ఊగుతుందని తెలుసు. పచ్చబండే చూపించావనీ తెలుసు. దాని ఇంజను విప్పి బాగుచేసేసరికి ఈ పని ఇంకెవడికో ఇచ్చేస్తారు. ఒకసారి చేజారితే మళ్లీ మనల్ని పిలవరు. వాడేమో నువ్వు ఊ అంటే గానీ ఎక్కడు. నేనేం చెయ్యను?"

నేను వాడినే చూస్తున్నాను. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అంటారు. వాడి గడ్డం కూడా అప్పుడే నెరుస్తోంది. కోపం రావాల్సిన చోట నాకు భయమే వచ్చింది, ఇద్దరి కోసమూ.

"ఒక్కసారే నాన్నా. దిగుడులో మెల్లగా వెళ్లమని చెప్పాను. ఈ పని అవగానే పచ్చబండి కొందాం." నా చొక్కా గుండీ సరిచేశాడు. "నేను చేసేది తప్పేనా?"

తల ఊగింది. పక్షవాతం వచ్చాక నా తల చెప్పిన మొదటి నిజం అది. వాడు ముఖం తిప్పుకుని, "నీ తలకేం తెలుసులే" అని లేచి వెళ్లి క్రషర్ గొలుసులు సరిచూడటం మొదలుపెట్టాడు.

చిన్నోడు బయటికొచ్చాడు. తల దువ్వుకున్నాడు, చొక్కా చేతులు మడిచాడు. తాళం చేతిలో ఉంది గానీ లారీ ఎక్కలేదు. వెనకున్న యంత్రాన్ని ఒకసారి, కొండవైపు ఒకసారి చూసి, తిన్నగా నా దగ్గరికి వస్తున్నాడు. వాడికి అనుమానం ఉంది. నేను నేర్పిన భయం వాడిలో ఇంకా ఉంది. ఈసారి ఊగకుండా ఉంటే చాలు, వాడు ఎక్కడు.

ఎడమ చేత్తో నా గడ్డం గట్టిగా పట్టుకున్నాను. మోచెయ్యి కుర్చీ చేతికి ఆనించి, బలమంతా వేసి తలను పైకి నొక్కిపెట్టాను. తల ఆగింది. నిజంగా ఆగింది.

"నాన్నా, నాకెందుకో గుండె దడగా ఉంది. ఈ బండి దిగుడులో ఆగుతుందంటావా? వెళ్లమంటావా?"

నేను కదల్లేదు. వాడి కళ్లలోకి చూశాను. కళ్ల నుంచి నీళ్లు కారి వేళ్ల మీద పడుతున్నాయి. వాడు నన్నే చూశాడు. వాడి ముఖంలో ఏదో మారింది. అర్థమైందనుకున్నాను.

"ఏడుస్తున్నావా నాన్నా?" అన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని నా చేతిని గడ్డం మీంచి మెల్లగా తీసి తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "నాకేం కాదు. నువ్వు వెళ్లమంటే చాలు, వెళ్లొస్తా."

చెయ్యి లాక్కోబోయాను. వాడు ప్రేమగా, గట్టిగా పట్టుకున్నాడు. నా తల ఊగింది. వాడు నవ్వి, నా కళ్లు తుడిచి, వెళ్లి లారీ ఎక్కాడు.