కోబాల్టు గది

ఆ వేసవిలో మా అత్తగారు సుబ్బరావమ్మ గారికి గుంటూరులో రోజూ కరెంటు పెట్టించేవాళ్ళం. కాన్సరుకు చేసే కిరణాల వైద్యాన్ని మా వినుకొండ వైపు అలాగే అంటారు. ఆసుపత్రికి కొత్త యంత్రం వచ్చింది. పాత కోబాల్టు యంత్రం మాత్రం పక్క గదిలోనే ఉంది. బొంబాయి నుంచి అణుశక్తి శాఖ మనుషులు వచ్చి దాన్ని తీసుకుపోవాలి. వాళ్ళ రాక ఆలస్యమవుతోంది.

ఆ గది తాళంచెవి రెబ్కా దగ్గర ఉండేది. రోగులకు కిరణాల మోతాదు లెక్కగట్టేది ఆవిడే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయవలసింది ఆసుపత్రి సెక్రటరీ వెంకటనారాయణ గారు.

ఒక ఉదయం మేము వరండాలో మా వంతు కోసం కూర్చుని ఉండగా, చీమకుర్తిలో రాళ్ళెత్తే క్రేను ఒకటి లోపలికి వచ్చింది. వెనకే సెక్రటరీ గారు, పాత ఇనుము కొనే వ్యాపారి.

"తాళం తియ్యమ్మా. స్కానింగుకి ఆ గది కావాలి. బొంబాయి వాళ్ళొచ్చేదాకా యంత్రం ఈయన షెడ్డులో ఉంటుంది," అన్నారు సెక్రటరీ గారు రెబ్కాతో, వ్యాపారిని చూపిస్తూ.

"షెడ్డులో పెట్టకూడదండీ," అంది రెబ్కా.

"కనెక్షను ఎప్పుడో పీకేశాం కదా! ఇంకేముంది అందులో?"

"కరెంటుతో పనిలేదండీ దానికి. లోపలున్న కోబాల్టు కిరణాలు వదులుతూనే ఉంటుంది. చుట్టూ సీసం ఉంది కాబట్టి మనం బతికాం. ఆ సీసం కోసమే ఎవడో ఒకడు విప్పుతాడు. కొత్తదైతే స్విచ్చి ఆపితే ఒట్టి ఇనుమే."

క్రేను డ్రైవరు కిందికి దిగాడు. "ఏందక్కా, ఎత్తితే చస్తామా?"

"ఎత్తితే ఏం కాదు తమ్ముడూ. విప్పితేనే."

అవునని ఒక్క మాట అంటే అతను అప్పుడే పారిపోయేవాడు. ఆవిడ అనలేదు.

"నీ ఉద్యోగం నా చేతిలో ఉందని గుర్తుందా?" అన్నారు సెక్రటరీ గారు.

"ఉందండీ. అది మీ ఇష్టం. పోనీ, దీన్ని మీ ఇంటి వరండాలో పెట్టుకుంటారా?"

"మా ఇంట్లోనా! పిల్లలుంటారు."

"షెడ్డు వెనకా ఇళ్ళున్నాయండీ."

మా అత్తగారు ఉండబట్టలేకపోయారు. "ఆ పిల్ల వద్దంటుంటే నీకేం తొందరయ్యా? మిరపకాయ టిక్కీ బస్తా అనుకున్నావా, లాగి లారీలో పడెయ్యటానికి?"

వరండా అంతా నవ్వింది. "నాకు రాళ్ళే నయం సార్," అంటూ డ్రైవరు క్రేను ఎక్కి వెనక్కి తిప్పాడు. వ్యాపారి కూడా జారుకున్నాడు.

బొంబాయి వాళ్ళు వచ్చేసరికి మా అత్తగారి వైద్యం చివరికొచ్చింది. వాళ్ళు కోబాల్టును సీసపు పెట్టెలోకి మార్చి బిగించాక, పోలీసు జీపు ముందు నడవగా లారీ గేటు దాటేవరకు రెబ్కా ఎండలోనే నిలబడింది. తరువాత కిరణాలు కొలిచే మీటరు పట్టుకుని ఖాళీ గదిలోకి వెళ్ళింది. ఆవిడ ఉద్యోగం ఆ రోజుకీ ఖాయం కాలేదు.

సెక్రటరీ గారు స్కానింగు వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. గుమ్మం ముందు ఆగి అడిగారు.

"లోపలికి రావచ్చామ్మా?"

"ఆ మూల కూడా చూడనివ్వండి."

ఆయన వాచీ చూసుకుని, చెప్పులు విడిచి నిలబడ్డారు.