బావగారి కథల్లో కుక్కలు

"ఆ పుస్తకంలో దొంగతనం ఉందమ్మా రాణీ! పడవ దొంగతనం!" అన్నారు ఆనందరావుగారు మూడోసారి. ఆయన ముందున్న కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

"దొంగతనమేంటి బావగారూ! తాతకి జ్వరమొస్తే ఆ పిల్ల తాడు విప్పుకుని మందు కోసం అవతలి ఒడ్డుకెళ్ళింది," అంది ఎస్తేర్‌రాణి, బీరకాయ చెక్కు తీస్తూ.

"అడక్కుండా తీసుకెళ్తే దాన్నేమంటారంట? పోనీ, చివర్లో శిక్షేమన్నా పడిందా?"

"లేదండి."

"అద్గదీ!" అన్నారాయన, కేసు గెలిచినట్టు.

"అన్నయ్య చెప్పింది వింటే నీ సొమ్మేం పోద్దే? ఓ పుస్తకం కోసం పొద్దుటి నుంచీ ఒకటే గోల," అన్నాడు రాణి భర్త బెన్నీ, ఫోన్లోంచి తలెత్తకుండా. అన్నగారి మాటకి తల ఊపడం తప్ప ఆ తలతో ఆయన చేసిన పని పెళ్ళైనప్పటి నుంచీ రాణి చూడలేదు.

గోల నిజానికి ఒక పీరియడు కోసం. రాణి ఏడో తరగతికి తెలుగు చెబుతుంది. పిల్లలకి పుస్తకం చదివి వినిపించమని ఈ ఏడాది శుక్రవారం ఆఖరి పీరియడు ఆమెకిచ్చారు. దాని మీద లెక్కల మాస్టారి కన్ను పడింది. ఆ గంటలో పిల్లలు గుర్రుపెట్టి నిద్రపోతున్నారని హెడ్మిస్ట్రెస్ దగ్గరకి చాడీ మోశాడు. అబద్ధమేమీ కాదు. నాలుగు వారాలుగా రాణి చదువుతున్నది బావగారి పుస్తకం మరి! ఏ పుస్తకం చదువుతారో సోమవారం రాసిమ్మని, పిల్లలు మళ్ళీ కునికితే పీరియడు లెక్కలకిచ్చేస్తానని హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పింది.

ఆవిడ ఒకప్పుడు ఆనందరావుగారి శిష్యురాలే. "మా రాణి నా పుస్తకమే చదువుద్దమ్మా," అని ఆయన రాణినడక్కుండానే మాటిచ్చేశారు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ముప్పై నీతికథలు రాసి అచ్చేయించుకున్నారు. ఇంట్లో ఏ మంచం కిందకి చీపురు పోనిచ్చినా ఆ కట్టలే తగులుతాయి. ప్రతి కథలోనూ ఒక మంచి బాలుడు, ఒక చెడ్డ బాలుడు. చెడ్డవాణ్ణి కుక్క కరుస్తుంది. బావగారి కుక్కలు ఎంత బుద్ధిమంతులంటే, ముప్పై కథల్లోనూ పొరపాటున ఒక్క మంచి పిల్లాడి జోలికి పోలేదు.

పిల్లలు ఆయనకంటే తెలివైనవాళ్ళు. రాణి పుస్తకం తెరవగానే, "ముందు నీతి చెప్పేయండి టీచర్, రాసేసుకుంటాం," అనేవారు. రాసుకుని బల్లల మీద తల వాల్చేవారు. మొన్న శుక్రవారం పది నిమిషాలు మిగిలితే రాణి తన సంచిలో ఉన్న పడవ పుస్తకం తీసి మూడు పేజీలు చదివింది. బడి వదిలాక, ఏనాడూ నోరు విప్పని నాగదుర్గ, అడవిపొలం అనే పల్లె నుంచి వచ్చే పిల్ల, గేటు దాకా వెంటపడింది.

"ఆ పిల్ల ఒడ్డెక్కిందాండి టీచర్? వద్దొద్దు, చెప్పేయకండి. వచ్చే వారం చదవండి."

అప్పటి నుంచి, నాలుగు వారాలు ఆ కుక్కకాట్లు చదివిన తన నోరంటేనే రాణికి రోతగా ఉంది.

ఆ ఇంట్లో రోజూ దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన. ఇంటిపెద్దగా ఆనందరావుగారు బైబిలు చదువుతారు, చదవడం ఆగగానే అందరూ ఆమేన్ అంటారు. ఆ సాయంత్రం ప్రార్థనయ్యాక ఎవరూ లేవకముందే రాణి అంది: "ఈవేళ మీ కథ ఒకటి మీరే చదివి వినిపించండి బావగారూ. నేనే సరిగ్గా చదవట్లేదేమో."

"నాకూ అదే అనుమానం. చదవడమన్నది ఒక వరం తల్లీ," అంటూ ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

ప్రసంగవేదిక ఎక్కినట్టు గొంతు సాగదీశారు. మంచి బాలుడు కోడి కూయకముందే లేచాడు. పళ్ళు తోముకున్నాడు. పెద్దలకు నమస్కరించాడు. బెన్నీ గడ్డం వెళ్ళి ఛాతీకానుకుంది.

"పెదనాన్నా, రెండోవాణ్ణి కుక్క కరుస్తాది కదా?" అంది రాణి కూతురు, తొమ్మిదో తరగతి చదువుతున్న ప్రసన్న.

"మధ్యలో మాట్లాడకూడదమ్మా," అన్నారాయన కోపంగా. తర్వాత కుక్క కరిచింది.

ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగేసరికి, గోడకి జారబడి ఉన్న అత్తగారు సుశీలమ్మ ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ జోడించి, "ఆమేన్!" అంది గట్టిగా.

ప్రసన్న ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆనందరావుగారి మొహం మాత్రం వెలిగిపోయింది. "చూశావా రాణీ! అమ్మకి కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి."

అవి ఆవలింత నీళ్ళు. ఆయన ఆ ఉత్సాహంలో నీతి రెండుసార్లు చదివారు.

రాణి ఆయన్ని తేరిపార చూసింది. ఆయన పెద్దరికం చూసి ఇన్నేళ్ళు అడుగు తీసి అడుగేయడానికి భయపడింది. తల్లి నిద్రపోతోందో, కథ వింటోందో కూడా పోల్చుకోలేని మనిషి ఏడో తరగతి పిల్లలకి ఏది మంచిదో తేల్చేస్తున్నాడు! ఈయనకా తను భయపడింది? కోపం తెచ్చుకోవడం కూడా దండగనిపించింది.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. రాణి అన్నాలు వడ్డించి, తనూ కంచం పెట్టుకుని కూర్చుంది. ఎప్పుడూ ఆఖర్న తినే మనిషి కూర్చునేసరికి అందరూ ఆమె వంక చూశారు.

"అందరూ ఉన్నారు గనక చెబుతున్నాను," అంది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతో. "సోమవారం పడవ పుస్తకం పేరే రాసిస్తాను. బావగారి పుస్తకం ఇంక బళ్ళో చదవను. ఆయన మాటిచ్చారు గనక, కాదని హెడ్మిస్ట్రెస్‌గారికి నేనే చెప్పుకుంటాను."