బేరం లేని గుమ్మం

మా ఆయన ధర్మారావుగారు పోయిన దగ్గర్నుంచి నాకు ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. అన్నం తింటే రుచి కూడా తెలియడం లేదు. పక్కింటి టీచరు కిరణ్మయి ఇది కనిపెట్టి, నా మనసు మళ్ళించాలని నన్నో ఉద్యమంలోకి దింపింది. సొంత చేతులతో తయారుచేసి అమ్ముకునేవాళ్ళకు న్యాయమైన ధర ఇవ్వాలి, గీచి గీచి బేరాలాడకూడదు. మేముండే ఈ హిందీ ఊళ్ళో మా కాలనీ రిసాలి అంతా తిరిగి, ఇక్కడ బేరాలు ఆడబోమని హిందీలో రాసిన స్టిక్కర్లు ఇంటింటి గేటుకీ అంటించాం. మొదటిది మా గేటుకే. అధ్యక్షురాలిని మరి.

మంచి పనే, కాదనను. పైడమ్మ బాగుపడింది. తాముండే కూలీల బస్తీ, క్యాంపులో తోటి ఆడవాళ్ళతో కలిసి వడియాలు పెట్టి, గంపలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. ఇదివరకు మా గుమ్మంలో కూర్చుంటే ఓ పట్టాన లేచేది కాదు. తనో ధర చెప్పేది, నేను సగానికి అడిగేదాన్ని. మధ్యలో వాళ్ళ కోడలి సంగతులు, విజయనగరం సంగతులు, టీ. చివరికి నేనే నెగ్గేదాన్ని. గంప ఆమె తలకెత్తి గేటు దాకా సాగనంపడం మా ఆయన పని.

ఇప్పుడు గంప గేటు పక్క గోడకు ఆనించే పొట్లం ఇస్తుంది. అడిగినంత ఇస్తాను. వెళ్ళిపోతుంది. ఒక్క పూట కూర్చుంటే నాలో ఏదైనా కదులుతుందేమోనని నా ఆశ. ఊరికే కూర్చోమనడానికి నోరు రాదు. బేరమాడి కూర్చోబెట్టడమే నాకు తెలుసు.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను.

"మరీ ఎక్కువ చెప్తున్నావు పైడమ్మా. సగానికియ్యి."

ఆమె స్టిక్కరు వైపు చూసింది. "ఏటమ్మా, మీరే అంటించి మీరే అడిగితే ఎలాగ?"

"ఇన్నాళ్ళూ ఇవ్వలేదా?"

"ఇచ్చీదాన్ని. బాబుగారు గేటు కాడ మిగతాది నా చేతిలో పెట్టీసీవారు. అమ్మగారికి చెప్పకు, నెగ్గానని సంబరపడతాదనీవారు. ఇప్పుడెవలిస్తారమ్మా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

చెప్పిన ధరే ఇచ్చాను. గంప ఎత్తుకోబోతుంటే నేనే వెళ్ళి ఓ చెయ్యి వేశాను. చాలా బరువుగా ఉంది. ఆమె వీధి మలుపు తిరిగే దాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

దొంగ మనిషి. ఇన్నేళ్ళూ నన్ను ఉత్తుత్తినే నెగ్గించారు. గుమ్మంలో కూలబడి, ఆయన పోయాక మొదటిసారి ఏడ్చాను.