ఒకే పేరున్న పెట్టె

నేను ఒక టాక్సీలో కూర్చుని దారి పక్క స్తంభాలతో మాట్లాడిన పెట్టెను. కర్మాగారంలో నాకు ఒకే ఒక్క పేరు పెట్టి పంపారు. స్తంభం దాటిన ప్రతిసారీ ఆ పేరు చెప్పి, అది నాదేనని రుజువు చూపాలి. అప్పుడే ముందు ఏ రోడ్డు మూసేశారో, ఎక్కడ ప్రమాదం జరిగిందో అవి నాకు చెప్పేవి. రుజువు చూపడానికి నాకు కాస్త సమయం పట్టేది. అయినా విశాఖలో నన్నెరగని స్తంభం లేదని మహా గర్వంగా ఉండేది.

నా యజమాని పైడితల్లి. మొగుడి దెబ్బలు పడలేక విడాకులు తీసుకుని, సొంతంగా టాక్సీ నడుపుకుంటోంది. పొద్దున్నే చున్నీ అంచుతో నన్ను తుడిచేది. ఆ చేయి నా ఒక్కదానిదే అనుకునేదాన్ని.

కానీ ఆ మాజీ మొగుడు సూరప్పడు ఆమె బండి ఎక్కడ ఆపితే అక్కడ తేలేవాడు. ఫోన్ మార్చింది, ఇల్లు మార్చింది. కొత్త ఇంటి సందులోకీ వచ్చాడు. ఒకనాడు కారు తలుపు పట్టుకుని లాగాడు. ఆమె బండిని ముందుకు ఉరికించి, నేరుగా రిపేరు షాపుకు పోనిచ్చింది.

మెకానిక్ ఖలీల్ బండంతా వెతికి, చివరికి నా మీద వేలు పెట్టాడు.

"అక్కా, ఇది ఎల్లిన కాడల్లా ఒకే పేరు చెప్తంది. స్తంభాలే కాదు, ఇనే యంత్రం ఉన్నోడు ఎవడైనా ఇంటాడు. ఆడు ఆ పేరెనకాలే వస్తన్నాడు."

పైడితల్లి నా వంక చూసింది.

"ఇన్నాళ్లూ దీన్నేనా నాను తుడుస్తన్నాను," అంది.

నన్ను ఊడదీసి నా చోట కొత్తదాన్ని బిగించారు. నాలో సగం కూడా లేదు. స్తంభానికో కొత్త పేరు చెబుతుందట. అయినా నమ్మదగిన బండేనని రెప్పపాటులో రుజువు చేస్తుందట. అసలు పేరు నమోదు చేసిన కార్యాలయానికి ఒక్కదానికే తెలుస్తుందట, అదీ ఏదైనా నేరం జరిగినప్పుడు. పూటకో పేరు చెప్పేవాళ్లను మనుషులు మోసగాళ్లంటారు. దీన్ని మాత్రం మెచ్చుకున్నారు. చున్నీ అంచు ఇప్పుడు దాని మీద తిరుగుతోందని తలచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోయేది.

ఖలీల్ షాపులో, బాగుచేసిన యంత్రాలను పరీక్షించడానికి ఇప్పుడు నన్ను వాడుతున్నారు. కరెంటు ఉన్నంతసేపూ రోడ్డున పోయే బండ్ల పేర్లు వింటుంటాను. ఓ సాయంత్రం పైడితల్లి వచ్చింది. కాస్త ఒళ్లు చేసింది. సూరప్పడు మళ్లీ కనబడలేదని, ఈమధ్య పాటలు పెట్టుకుని నడుపుతున్నానని ఖలీల్‌తో చెప్పింది. నా వైపు చూడనైనా లేదు.

ఆమె కారు కదిలాక చెవులు రిక్కించాను, ఆ కొత్తది ఏ పేరు చెప్పి పోతుందోనని. బోలెడు పేర్లు వినిపించాయి. ఆమెది ఏదో తెలియలేదు. రేపూ వింటాను, ఎల్లుండీ వింటాను, ఎప్పటికైనా పట్టుకుంటాను అనుకున్నాను.

ఊళ్లో ఇంకొకడు కూడా సరిగ్గా ఇలాగే చెవులు రిక్కించి కూర్చుని ఉంటాడని అప్పుడు తట్టింది.

షాపు కట్టేస్తూ ఖలీల్ నా తీగ పీకినప్పుడు, మొదటిసారి, హాయిగా అనిపించింది.