రెండు గాట్ల రేకు

హేమంతమున మాడుగుల కొండలపై మంచుతెర యింకను వీడని ప్రాతఃకాలమున, చెరకు తోటల యాకుల కొసలనుండి నీటిబొట్లు రాలుచుండగా, ఘాటుదారి దిగువనున్న ఖాదరువలీ సాహెబు మరమ్మతు షెడ్డు ముంగిట నొక తెల్లని డీజిలు కారు కాటుకవంటి పొగను గ్రక్కుచు దగ్గుచు వచ్చి నిలిచెను.

దానిని నడపుచున్నవాడు రొంగలి కన్నంనాయుడు. వెనుక సీటున దుప్పటి కప్పుకొని కూర్చున్నది యాతని యక్క పైడితల్లమ్మ. పదిగంటలకు అనకాపల్లి యాసుపత్రిలో నామెకు డయాలిసిస్సను రక్తశుద్ధి జరుగవలసియుండెను. మొన్న కారు త్రోవలో నాగిపోవుటచే నొకమారు తప్పెను. రెండవమారు తప్పినచో ప్రాణమునకే ముప్పని వైద్యుడు చెప్పియుండెను.

"ఇద్దరు మేస్త్రీలు సూసినారు సాయిబూ. ఇంజను ఇప్పాలంతన్నారు. మూడ్రోజులు పడతాదంట."

"ఇప్పడానికేటి, పానా ఉన్నోడెవడైనా ఇప్పుతాడు. ముందు నన్ను ఇననీ. బండి ఆపకు నాయుడూ."

శీతవాయువు రోగిపై సోకకుండ కారు తలుపునకు గోనెపట్టా వ్రేలగట్టి యామె చేతికి వేడి టీగ్లాసు నందిచ్చి సాహెబు పనికి గడంగెను. మితిమీరిన ద్రవము నిషిద్ధమగుటచే నామె దానిని త్రాగక యరచేతులు కాచుకొనుచుండెను. ఇంజను కంపమునకు గ్లాసులోని టీ యంచుదాటి చిందుచుండెను.

అతడు డీజిలు చిమ్ము నాలుగు ఇంజెక్టరు గొట్టములను ఒక్కొక్కటిగా సడలించి, ప్రతిమారును ఇంజను సమముగానే క్రుంగుట గమనించి, వానియందు దోషము లేదని నిశ్చయించెను. ఇంజను విడిచిన పొగలో కొంతభాగమును మరల లోనికి గొనిపోవు గొట్టమునకు మూతవంటి వాల్వు కలదు. మూసుకొనవలసినవేళ నది మూసుకొననిచో ఇంజను తన పొగను తానే మ్రింగి యూపిరాడక యల్లాడును. సాహెబు ఆ వాల్వును తెరపించు సన్నని రబ్బరుగొట్టమును ఊడదీసెను; దానితో మూత మూసుకొనవలసినను దగ్గు తగ్గలేదు. పిమ్మట స్క్రూడ్రైవరు పిడితో వాల్వుపై మెల్లగా తట్టగా నింజను రెండు క్షణములు చక్కగా నూపిరి పీల్చి మరల దగ్గెను.

"దొరికింది. మూత తెరిసే ఉండిపోతంది."

"దగ్గుకి గోలీ ఏటైనా ఏస్తావేటి సాయిబూ? నా సంచీడు ఉన్నాయి, దానికీ రెండెయ్యి," అని పైడితల్లమ్మ లోపలినుండి పలికెను.

ఇంజను నాపి, వాల్వు విప్పి చూడగా, మసినడుమ మూతకడ్డముగా గోరంత రేకుముక్క యిరుకుకొనియుండెను. గొట్టపు మొగమున మిగిలిన రేకంచుపై రెండు గాట్లు కనబడెను. నూనెడబ్బా రేకును కోసి ఈ గొట్టమునకు అడ్డముంచినచో బండికి వేగము హెచ్చునని ఆ ప్రాంతపు మేస్త్రీలకొక నమ్మకము. అట్టి రేకుమూలను రెండు గాట్లు పెట్టుట ఖాదరువలీ చేతిగుర్తు. నాయుడు సీసాతో నీరు తెచ్చుటకు పోయియుండెను. పైడితల్లమ్మ గోనెపట్టా చాటుననుండెను. చూచువారెవ్వరును లేరు. సాహెబు ఆ రేకును ఊడదీసి పిడికిట ముడుచుకొనెను. క్షణకాల మట్లేయుండి, నాయుడు తిరిగిరాగానే యాతని యెదుట పిడికిలి విప్పెను.

"నాయుడూ, ఇది నా సేతి రేకే. ఎండాకాలంలో పికప్పు కావాలన్నావని నేనే ఏసినాను. కాలి ఇరిగి మూతలో పడింది. తప్పు నాది."

నాయుడు నోరు తెరచునంతలో పైడితల్లమ్మ అందుకొనెను. "అడిగినోడిదీ ఉంది తప్పు. ఎవడి వాటా ఎంతో తరవాత తేల్సుకోండి. ముందు బిగించండి!"

సాహెబు మసిని గీకి, పెట్రోలుతో కడిగి, రేకు మాని, సందున పొగ కారనీయని క్రొత్త గాస్కెట్టుంచి బిగించెను. తాళము త్రిప్పినంతనే యింజను నిద్రించు శిశువువలె సమముగా శ్వాసించెను. అప్పటికింకను ఎనిమిదిన్నర కాలేదు. పైడితల్లమ్మ చేతిలోని టీ యద్దమువలె నిశ్చలమై యుండగా దానియం దప్పుడే మంచుతెర చీల్చుకొనివచ్చిన సూర్యుడు చిన్న పసుపుబొట్టువలె నిలిచెను. ఆమె దానినొక క్షణము చూచి, గ్లాసును సాహెబు చేతికిచ్చి, "గోరెచ్చగుందింకా, నువ్వు తాగు," అనెను.

పొగలేని కారు అనకాపల్లి త్రోవను కనుమరుగైన పిదప ఖాదరువలీ ఆ రెండు గాట్ల రేకును పానాల పలకపై, పనిచేయునపుడెల్ల తన కంటబడుచోట, మేకుతో దిగగొట్టెను. యంత్రముల తప్పు పట్టుటకు చెవి చాలును; తన తప్పు పట్టుటకు పిడికిలి విప్పవలయును.