మోర్వాన్ దొర కూర్చోని కుర్చీ

పెద్దలారా, జాలరిపేటను ముంచింది గోదారి కాదు, మీరు! వరద మీదికి నెట్టి తప్పించుకుంటామంటే కుదరదు. నేను ఒక కుర్చీని. ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న మన యానాం కూడా ఓట్లు వేసి పారిస్ పార్లమెంటుకు మెంబరును పంపుతుంది కదా, ఆ మెంబరు మోర్వాన్ దొర కోసం మీరు చేయించిన టేకు కుర్చీని. మీరు చేసినవన్నీ నా ముందే చేశారు.

నన్ను చేసిన వడ్రంగి బ్రహ్మలింగం, దొర ఎంత లావుంటాడని అడిగాడు. చెప్పగలిగినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. ఎవడు చూశాడు గనక? "దొర కదా, విశాలంగానే చెయ్యవయ్యా" అన్నాడు మీ గుమాస్తా పేర్రాజు. అలా ఇద్దరు పట్టే వెడల్పుతో పుట్టాను. దొర గెలిచాడు, రాలేదు. మళ్లీ గెలిచాడు, మళ్లీ రాలేదు. దండలు నాకు వేశారు. ఊరేగింపూ నాకే. చెక్కకు సిగ్గేస్తుందని ఒక్కడికీ తోచలేదు.

ఎలా గెలిచాడంటారా? జాలర్లు వేట నుంచి తిరిగొచ్చేసరికే ఓటుపెట్టెలు నిండిపోయాయి. "మీకు శ్రమెందుకని మీవీ మేమే వేసేశాం. పోండ్రా!" అన్నాడు పేర్రాజు. పైగా నవ్వాడు!

మూడో గెలుపు పండగనాడు జాలరిపేట నూకాలు వచ్చింది. ఏరు గట్టును కోసేస్తోంది, ఇంట్లో కోడలు నిండు చూలాలు, వానలు ముదరకముందే రాళ్లు వేయించండని ఆమె గోడు.

"దొరగారికి చెప్పుకో," అని పేర్రాజు నన్ను చూపించాడు.

"ఇది కుర్చీ కదండి బాబూ?"

"దొరగారు కూర్చునే కుర్చీ. వంగి చెప్పు."

వంగింది. అంతా చెప్పింది. నేనేమైనా అంటానేమోనని కాసేపు ఆగింది కూడా.

"ఇన్నారంటారా అండి?"

"విన్నారులే, నడు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీ దొర కంటే ఈ కర్రే నయమండి బాబూ. ఊళ్లోనైనా ఉంది."

అంతలోనే దొర మంత్రి అయ్యాడని తంతి వచ్చింది. దేనికి మంత్రి? నదులకూ రేవులకూ! మీరు బాణసంచా కాల్చారు. ఇక్కడ గట్టు తెగబోతోందని ఆ నదుల మంత్రికి ఒక్కడు ఒక్క ముక్క రాశాడా? లేదు!

శ్రావణంలో గట్టు తెగింది. పేట కొట్టుకుపోయింది. బతికినవాళ్లు తడి బట్టలతో, మీరు నన్ను నిలబెట్టిన ఈ సభ హాల్లోకి వచ్చిపడ్డారు. నొప్పులు పడుతున్న కోడల్ని నూకాలు తెచ్చి నాలో కూర్చోబెట్టింది. నా పుట్టుకలో మొదటిసారి మనిషి బరువు తెలిసింది.

"లే! లే! దొరగారి కుర్చీ అది!" పేర్రాజు పరుగెత్తుకొచ్చాడు.

"మీ దొరని రమ్మనండి, అప్పుడు లేపుతాను," అంది నూకాలు.

లేపేశారు! నొప్పులతో మెలికలు తిరుగుతున్న మనిషిని లాగి కిందికి దించారు. నన్ను తుడిచి, ఖాళీగా నిలబెట్టారు. ఆడబిడ్డ తడినేల మీద పుట్టింది. అప్పుడు మీరంతా అక్కడే ఉన్నారు.

ఆ గట్టు ఇంకా తెగే ఉంది. దాని అంచునే నూకాలు మళ్లీ గుడిసె వేసుకుంది. ఆ పిల్లకిప్పుడు నడక వచ్చింది, నీళ్లవైపే పరుగు తీస్తోంది. వచ్చే ఆదివారం మళ్లీ ఓట్లట, మళ్లీ మోర్వానేనట!

జాలర్లూ, ఆదివారం పడవ దింపకండి. తెల్లారేసరికి పెట్టెల చుట్టూ కూర్చోండి. మీ ఓటు మీ చేత్తోనే పడాలి, ఇంకొకడి చెయ్యి దానికి తగలనివ్వకండి. పెద్దలారా, నాకు దండ కొనకండి. గట్టుకు రాళ్లు తోలించండి. ఈ వారంలోనే.